జామాకు పనిచేసేది పేగు దాకానే

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఆరోగ్య పేజీలో జామాకు మీద వచ్చిన వ్యాసం చదివాం. విరేచనాలు కట్టడం, షుగర్ దిగడం, కొలెస్ట్రాల్ కరగడం, జుట్టు రాలకపోవడం, కేన్సర్ దరిచేరకపోవడం, డెంగీలో ప్లేట్‌లెట్లు పెరగడం... అన్నీ ఒకే ఆకుకు కట్టబెట్టారు. ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్లు, ఎంతసేపు కాచాలి, ఎవరు తాగకూడదు అన్నదానికి మాత్రం ఒక్క వాక్యం కేటాయించలేదు. ఔషధ మొక్కల రసాయన శాస్త్రం పాఠం చెప్పేవాళ్లం కాబట్టి జామాకు మీద మాకు చిన్నచూపేమీ లేదు. మనుషుల మీద జరిగిన పరీక్షలకు కూడా నిలబడ్డ కొద్దిపాటి పెరటి ఆకుల్లో అదొకటి. అందుకే దాన్ని సర్వరోగ నివారిణిని చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం.

అదీకాక, మన డెల్టాలో ఇది వేళాకోళం వ్యవహారం కాదు. వేసవిలో కాలువలు కట్టేశాక తాగునీటి చెరువుల్లో అడుగున మిగిలిన నీళ్లు, జులై-ఆగస్టుల్లో గోదావరి పోటెత్తినప్పుడు నది మధ్యనున్న లంకల్లో మునిగిపోయే బోర్లు, బావులు, ఈ రెండు కాలాల్లోనూ వాంతులు, విరేచనాలు ఊళ్ల మీద పడతాయి. 2022 జులై వరదల్లోలా పడవ తప్ప దారిలేని ఊళ్లో పెరట్లోని జామచెట్టే మొదట గుర్తొస్తుంది. దాన్ని ఎలా వాడాలో, ఎక్కడ ఆపేయాలో తెలియడం అవసరం.

మా మాట ఒక్కటే. జామాకులోని పదార్థాలు వేటికి నేరుగా తగులుతాయో అక్కడే గట్టిగా పనిచేస్తున్నాయి. అంటే నోరు, పొట్ట, పేగు. రక్తంలో కలిసి, అక్కణ్నుంచి కాలేయానికో కణితికో ఎముక మూలుగకో చేరి మేలు చేస్తాయన్న మాటలకు గాజు గిన్నెల్లోనో ఎలుకల్లోనో తప్ప మనుషుల్లో ఆధారం చాలా పల్చన.

ఆకులో ఏముందో చూస్తే కారణం తెలుస్తుంది. నమలగానే నోరు పట్టేసే వగరు టానిన్లది. వాటికి ప్రొటీన్లను పట్టి బిగించే గుణం ఉంది. తోళ్లు శుద్ధి చేయడానికి తంగేడు చెక్క వాడుతూ వచ్చింది ఆ గుణం కోసమే. రెండో రకం ఫ్లేవనాయిడ్లు: క్వెర్సెటిన్, దానికి చక్కెర అణువు అతుక్కుని ఉండే గ్వాజవెరిన్, అవిక్యులారిన్, హైపెరిన్, ఐసోక్వెర్సిట్రిన్. మూడోది ఆకు నలిపితే వచ్చే వాసన, అంటే బీటా-క్యారియోఫిలీన్ వంటివి ఉన్న సుగంధ తైలం. నాలుగోది అర్సోలిక్, ఓలియనోలిక్ ఆమ్లాల వంటి ట్రైటర్పీన్లు.

ఈ నాలుగూ ఒకే గిన్నెలోకి దిగవు. మీ వ్యాసం లాంటివి తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్రయోగశాలలో ఆకును నీడన ఆరబెట్టి, బరకగా పొడిచేసి, సాక్స్‌లెట్ పరికరంలో మిథనాల్‌తోనో 70 శాతం ఆల్కహాల్‌తోనో గంటల తరబడి సారం తీస్తారు. తక్కువ పీడనంలో, 40-50 డిగ్రీల వేడి మీద ద్రావణిని లాగేస్తే ముదురాకుపచ్చ జిగురు మిగులుతుంది. దాన్ని మళ్లీ హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, బ్యుటనాల్‌లతో భాగాలు చేస్తారు. మైనాలు, నూనెలు, పత్రహరితం హెక్సేన్‌లోకి పోతాయి. క్వెర్సెటిన్ లాంటివి ఇథైల్ ఎసిటేట్‌లోకి వస్తాయి. చక్కెర అంటుకున్న రకాలు, టానిన్లు బ్యుటనాల్‌లోనూ నీళ్లలోనూ ఉంటాయి. ‘జామాకు సారం కేన్సర్ కణాలను చంపింది’ అనే వార్త వచ్చిందంటే అది ఎక్కువగా ఆల్కహాల్ సారమో, హెక్సేన్ భాగమో అయి ఉంటుంది. ఇంట్లో నీళ్లు పోసి కాచిన కషాయంలోకి అర్సోలిక్ ఆమ్లం దాదాపు రాదు, నీటిలో కరగదు కాబట్టి. సుగంధ తైలం మూతలేని గిన్నెలోంచి ఆవిరితో పాటే పోతుంది. విడి క్వెర్సెటిన్ కూడా నీళ్లలో అంతంత మాత్రమే కరుగుతుంది. చివరికి కషాయంలో మిగిలేవి టానిన్లు, చక్కెర అంటుకున్న ఫ్లేవనాయిడ్లు. ఇవి పేగులోంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తాయి. పేగు జబ్బుకు అది లోపం కాదు, మందు ఉండాల్సిన చోటే ఉంటుంది. మిగతా జబ్బుల దగ్గరికొచ్చేసరికి అదే అడ్డంకి.

విరేచనాల సంగతి ముందు, అదే అసలు విషయం కాబట్టి. ముంబయిలోని ఫౌండేషన్ ఫర్ మెడికల్ రీసెర్చ్ వాళ్లు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో నీటి కషాయాన్నే వాడారు, ఆల్కహాల్ సారాన్ని కాదు. అది కలరా విషం తయారీని, ఆ విషం పేగు కణానికి అతుక్కోవడాన్ని తగ్గించింది. కొన్ని రకాల ఈ-కోలి, షిగెల్లా క్రిములు కణాలను అంటుకోకుండా, లోపలికి చొరబడకుండా అడ్డుకుంది. క్రిమిని నేరుగా చంపడం కంటే ఈ దారుల్లోనే దాని బలం ఎక్కువ. పెద్దవాళ్ల మీద జరిపి 2020లో అదే సంస్థ ప్రచురించిన పరీక్షలో అందరికీ ఓఆర్‌ఎస్ (ఉప్పు, చక్కెర కొలతగా కలిపిన నీళ్లు) ఇస్తూ, కొందరికి పది ఆకుల కషాయం రోజుకు మూడుసార్లు చొప్పున ఐదు రోజులు ఇచ్చారు. కషాయం తాగినవాళ్లు 72 గంటల్లో, ఉత్త ఓఆర్‌ఎస్ తాగినవాళ్లు 120 గంటల్లో మామూలు స్థితికి వచ్చారు. ఇక కడుపులో మెలిపెట్టే నొప్పికి క్వెర్సెటిన్ పేగు కండరాన్ని సడలిస్తుంది. మెక్సికోలో జరిగి 2002లో ప్రచురితమైన పరీక్షలో 500 మిల్లీగ్రాముల జామాకు గుళికలో 1 మిల్లీగ్రాము క్వెర్సెటిన్ ఉండేలా సరిచూసి, ఎనిమిది గంటలకొకటి చొప్పున మూడు రోజులు ఇస్తే నొప్పి త్వరగా తగ్గింది.

ఇప్పుడు కొలత. ముదురు, లేత కాని నడితరం ఆకులు పది. చెట్టును బట్టి ఆకు పరిమాణం మారుతుంది కనుక తూచగలిగితే 10 నుంచి 15 గ్రాములు తీసుకోవడం మేలు. శుభ్రమైన నీళ్లలో రెండుసార్లు కడిగి, ఈనెతో సహా సన్నగా తరగాలి. చేత్తో తుంపితే ముక్కలు పెద్దవై సారం సరిగా దిగదు. స్టీలు గిన్నెలో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత ఓరగా పెట్టి, సన్నటి సెగ మీద 50 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మంట పెద్దది పెడితే నీళ్లు ముందే ఇగిరిపోతాయి, ఆకులోని సారం ఆకులోనే ఉండిపోతుంది. గుడ్డలో వడకట్టి గోరువెచ్చగా తాగాలి. పెద్దవాళ్లకు ఇది ఒక మోతాదు, రోజుకు మూడుసార్లు. ఏ పూటకాపూట కాచుకోవాలి. ఉదయం కాచింది రాత్రికి బల్ల మీద ఉంచితే అందులో క్రిములు పెరగడానికి అడ్డేమీ లేదు.

ఎండాకైతే పాత కొలత ఉంది: ఒకవంతు పొడికి పదహారు వంతుల నీళ్లు, నాలుగోవంతు మిగలాలి. ఐదు గ్రాముల పొడికి 80 మిల్లీలీటర్లు పోసి 20 మిల్లీలీటర్లకు దింపాలన్నమాట. ఆకును ఎండలో కాదు, నీడన, గాలి ఆడేచోట పల్చగా పరిచి ఆరబెట్టాలి. వంచితే విరగాలి, చేతిలో నలిపితే గలగలమనాలి. వానాకాలంలో మన తేమకు అది జరగదు. పైకి ఎండినట్టున్నా ఈనెల్లో తడి ఉండి వారంలో బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకును ‘ఎలాగూ మరిగిస్తాం కదా’ అని వాడకండి. క్రిమి చచ్చినా, బూజు వదిలిన విషాలు మరిగినంత మాత్రాన పోవు. అందుకే వరదల కోసం దాచుకునే ఆకు ఫిబ్రవరి, మార్చిలో ఎండబెట్టి గాజు సీసాలో బిగించి పెట్టుకోవాలి.

ఇనుప మూకుడులో మాత్రం కాచవద్దు. టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి సిరాలా మారతాయి. కషాయం నల్లబడితే ‘బాగా దిగింది’ అనుకునేవాళ్లున్నారు. దిగింది టానిన్ కాదు, మూకుడులోని ఇనుము. పనిచేయాల్సిన టానిన్ దానితో ముడిపడిపోయింది. ప్రయోగశాలలో టానిన్ ఉందో లేదో చూడటానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి చూసేది ఈ రంగునే.

ఆకు ఏ చెట్టుదన్నది కూడా ముఖ్యమే. కోనసీమలో పెరటి జామ ఎక్కువగా కొబ్బరిచెట్ల కిందే ఉంటుంది. కొన్నేళ్లుగా కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ జామ మీదా వాలుతుంది. దాని తేనెలాంటి విసర్జన పడిన ఆకుల మీద నల్లటి మసి కడుతుంది. ఆ ఆకులు పనికిరావు. తైవాన్ జామ తోటల్లో పిండినల్లికి, పండుఈగకు మందులు కొడుతుంటారు. కాయ కోతకు ఇన్నాళ్లు ఆగాలని డబ్బా మీద ఉంటుంది కానీ, ఆకు తినేవాళ్ల కోసం ఎవరూ లెక్క కట్టలేదు. మందు కొట్టే తోట ఆకు, అప్పుడే నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఆకు వద్దు. మందు తగలని పెరటి చెట్టు, రోడ్డు దుమ్ముకు దూరంగా ఉన్నది, అంతే.

ఇంత చెప్పాక అసలు జాగ్రత్త. విరేచనాల్లో ప్రాణం తీసేది విరేచనం కాదు, ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. కషాయం వాటిని తిరిగి ఇవ్వదు. మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. కషాయం దానికి తోడు మాత్రమే. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే పొట్లం 20.5 గ్రాములది, దాన్ని మొత్తం ఒక్క లీటరు మంచినీళ్లలో కలపాలి. ‘గ్లాసుకు సగం పొట్లం’ కలిపితే ఉప్పు మోతాదు మించి, పసిపిల్లలకు ప్రాణాపాయం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఓఆర్‌ఎస్‌ను పోలిన పేర్లతో డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు, వాటిలోని ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. కొబ్బరినీళ్ల గురించీ మనవాళ్లు పొరబడుతుంటారు. బొండంలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. నీరసానికి మంచిదే, కానీ ధారగా విరేచనాలు అవుతున్నప్పుడు పోతున్నది ముఖ్యంగా సోడియం. బొండం తాగండి, ఓఆర్‌ఎస్ మానకండి.

గంజినీళ్లలాంటి విరేచనాలు ధారగా అవుతున్నా, మలంలో రక్తం, చీము పడుతున్నా, జ్వరం ఉన్నా, మూత్రం ఆగినా, కళ్లు గుంటలు పడ్డా కషాయం గిన్నె పక్కన పెట్టి ఆస్పత్రికి బయలుదేరాలి. జిగట, రక్త విరేచనాల్లో పేగును సడలించి మలాన్ని లోపల నిలబెట్టడం మేలుకు బదులు కీడు చేస్తుంది. చిన్నపిల్లలకు కషాయం వద్దే వద్దు. మేం చెప్పిన మోతాదు పెద్దవాళ్లది. పిల్లలకు ఓఆర్‌ఎస్, తల్లిపాలు, వీటితోపాటు జింకు బిళ్ళ: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపయితే 10, మొత్తం 14 రోజులు. విరేచనాలు ఆగగానే జింకు కూడా ఆపేస్తుంటారు, అది సరికాదు.

షుగర్ విషయానికొద్దాం. ఇక్కడ మీ వ్యాసంలో సగం నిజం ఉంది. అన్నంలోని పిండిపదార్థం పేగులో ముందు మాల్టోజ్ వంటి చిన్న ముక్కలై, ఆ తరువాత పేగు గోడ మీది ఎంజైముల వల్ల గ్లూకోజుగా విడిపోయి రక్తంలోకి వెళ్తుంది. జామాకు పాలీఫినాల్‌లు, అంటే పైన చెప్పిన టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, ఆ చివరి ఎంజైములను నెమ్మదింపజేస్తాయి. అకార్బోస్, వోగ్లిబోస్ బిళ్ళలు చేసేదీ ఈ పనే, ఇంకా గట్టిగా. జపాన్‌లో జామాకు టీకి 2000లో ఆరోగ్య ప్రయోజనం ఉన్న ప్రత్యేక ఆహారంగా ప్రభుత్వ అనుమతి వచ్చింది ఈ ఆధారంతోనే. కానీ ఇదంతా పేగులో, అన్నం ఉన్నప్పుడు జరిగే పని. ‘పరగడుపున తాగండి’ అని మీరు రాశారు. పరగడుపున పేగులో విడగొట్టాల్సిన పిండే లేనప్పుడు ఆ టీ దేన్ని ఆపుతుంది? అన్నంతోనో, తిన్న వెంటనేనో తాగితేనే తిన్న తరువాతి పెరుగుదల కాస్త తగ్గుతుంది. రెండు మూడు గ్రాముల ఎండాకును గ్లాసుడు నీళ్లలో ఐదు నిమిషాలు కాచిన పల్చటి టీ చాలు. విరేచనాల కషాయమంత చిక్కగా రోజూ తాగితే మలబద్ధకం ఖాయం. గ్లూకోజు పొడి, తేనె వంటి వాటిలో చక్కెర ముందే విడిపోయి ఉంటుంది గనుక వాటి మీద ఈ టీ పనిచేయదు. పొద్దున పరగడుపు షుగర్ ఎక్కువున్నవాళ్లకు అది కాలేయం రాత్రంతా వదిలిన గ్లూకోజు. దాని మీద ఈ టీ చూపే ప్రభావం ఎన్నదగ్గది కాదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ పనిచేసేది అక్కడే.

మెట్‌ఫార్మిన్ మాట వచ్చింది కనుక, ‘ఇంగ్లీషు మందులు మాని ఆకు వైపు రండి’ అనేవాళ్లకో సంగతి. ఆ బిళ్ళ మూలమూ ఒక మొక్కే. ఐరోపాలోని గలేగా అనే మొక్కలో గలేజిన్ అనే పదార్థం షుగర్‌ను దించుతుంది, కానీ మొక్క గొర్రెలను చంపేంత విషం. గలేజిన్ రసాయన కుటుంబానికే చెందిన, విషం తగ్గిన అణువును రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేస్తే, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దాన్ని మనుషుల్లో వాడిచూశారు. మీ చేతిలో ఉన్న బిళ్ళ ఆ మొక్క నుంచి మొదలై, కొలతకు వచ్చిన మందే. దాన్ని మానేసి కొలతలేని ఆకుకు వెళ్లడం వెనక్కి నడవడం. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు జామాకు టీ మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పి, తిన్న రెండు గంటల షుగర్ కొన్నాళ్లు చూసుకోవాలి.

పేగు దాటి పనిచేసిన ఉదాహరణ ఒకటి లేకపోలేదు, దాచడం న్యాయం కాదు. మెక్సికోలో 197 మంది స్త్రీలలో జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో, రోజుకు 6 మిల్లీగ్రాముల ఫ్లేవనాయిడ్లు ఉండేలా తూచిన జామాకు సారం నెలసరి నొప్పిని తగ్గించింది. 3 మిల్లీగ్రాముల మోతాదుకు అంత గుణం కనిపించలేదు. మోతాదు సగమైతే ఫలితం జారిపోయిందంటే, ‘గుప్పెడు ఆకులు’ అనే కొలత ఏపాటిదో ఆలోచించండి. నోటి విషయంలో గ్వాజవెరిన్ పంటిపాచి పట్టించే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ మీద పనిచేస్తుందని 2006 నాటి ప్రయోగాలున్నాయి; చిగుళ్ల వాపుకు వడకట్టిన కషాయంతో పుక్కిలించి ఉమ్మేయడంలో నష్టం లేదు.

మిగతావి, జుట్టు, కొలెస్ట్రాల్, కేన్సర్, వదిలేయండి. డెంగీ మాత్రం అలా వదలకూడదు. అందులో ముప్పు ప్లేట్‌లెట్ల అంకె కంటే రక్తనాళాల్లోంచి కారిపోయే ద్రవంతో. అది జ్వరం దిగాక, ‘తగ్గిందిలే’ అనుకునే రోజుల్లోనే జరుగుతుంది. ఏ ఆకురసమైనా తాగుతూ ఇంట్లో కూర్చునే రోజులు కావవి. ఇక ‘వేల ఏళ్ల ఆయుర్వేద రహస్యం’ అన్న మాటకొస్తే, జామ అమెరికా ఖండపు చెట్టు, పోర్చుగీసువాళ్ల రాకతో మన దేశానికి వచ్చింది. చరకుడు, సుశ్రుతుడు దాన్ని చూసే అవకాశమే లేదు. చెట్టు గొప్పతనానికి అది లోటేమీ కాదనుకోండి.

గర్భిణుల గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మూకుడులో జరిగిందే పేగులోనూ జరుగుతుంది: టానిన్లు ఇనుమును పట్టేస్తే అది ఒంటికి చేరదు. రక్తహీనత ఉన్నవాళ్లు, ఇనుము బిళ్ళలు వాడేవాళ్లు జామాకు టీ అలవాటుగా తాగకూడదు. తాగాల్సి వస్తే బిళ్ళకూ దానికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. కాఫీ, టీలకూ ఇదే వర్తిస్తుంది.

చివరిగా మీ పత్రికకు సంబంధించిన మాట. ఆ వ్యాసం పక్కనే ‘షుగర్‌ను శాశ్వతంగా నయం చేసే’ ఆకుపొడి ప్రకటన ఉంది. మందులు-మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నాటిది. మధుమేహం, కేన్సర్ రెండూ దాని పట్టికలో ఉన్నాయి. ఆ రోగాలు నయం చేస్తామని ప్రకటించడమే కాదు, ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకోవడమూ నేరమే. ఇంటి చిట్కా వేసేటప్పుడు ఐదు విషయాలు అడిగి వేయండి: ఏ భాగం, ఎంత బరువు, ఎన్ని నీళ్లు ఎంతకు దిగాలి, ఎవరికి వద్దు, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి. జూన్ మొదటివారంలో, గోదావరికి ఎర్రనీళ్లు రాకముందే, ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి, జింకు మోతాదు, క్లోరిన్ బిళ్ళ వాడకం ఒక పెట్టెలో వేస్తే లంక గ్రామాల వాళ్లు కత్తిరించి గోడకు అంటించుకుంటారు. బురదనీళ్లలో క్లోరిన్ వ్యర్థమైపోతుంది కనుక ముందు పటికతో తేర్చి, పైనీళ్లు వేరే బిందెలోకి వంచి, ఆ తరువాతే బిళ్ళ వేసి అరగంట ఆగాలన్న వాక్యం అందులో మరిచిపోవద్దు.

— ఔషధ మొక్కల రసాయన శాస్త్ర అధ్యాపకులు కొందరు,
అమలాపురం, కోనసీమ జిల్లా